ఏడో దిబ్బ రెండో లింకు

నమోదు 1

దిబ్బల మీద లాకులు నడిపే బోర్డు ఇచ్చిన డ్యూటీ పుస్తకంలో ‘రిమార్కులు’ అనే గడి రెండంగుళాల వెడల్పు ఉంటుంది. నా కోపం అందులో పట్టదు. అందుకని ఈ వేరే పుస్తకం మొదలుపెట్టాను. ఇది నా సొంతం. ఎవరైనా తెరిచి చదివి నొచ్చుకుంటే నా పూచీ లేదు.

ఈ ఉదయం ఆటు సమయంలో లాకు తలుపు ఎత్తి, చేలల్లో నిలిచిన వాన నీళ్ళు సముద్రంలోకి వదలాలి. తలుపు ఎత్తడానికి మోటారు ఉంది, మోటారుకి కరెంటు ఉంది. కానీ ఎత్తాలన్నా దించాలన్నా నీళ్ళకి అవతల మెరక మీద కంట్రోల్ రూమ్ నుంచి ఆర్డరు రావాలి. ఆర్డరు కేబుల్లో వస్తుంది. ఆ కేబుల్ తెగింది. తెంపింది బోర్డు వాళ్ళ పొక్లెయినే, కాలవలో పూడిక తీస్తూ. ఈ ఏడాదిలో ఇది ఆరోసారి. తమ కేబుల్ ఎక్కడుందో తమకే తెలియని వాళ్ళు, మా తలుపు ఎప్పుడు ఎత్తాలో మాకు చెబుతారు.

సాయంత్రానికి అతికించారు. అప్పటికి ఆటు అయిపోయి పోటు మొదలైంది. వరి మడులు మోకాటి లోతు నీళ్ళలో ఉన్నాయి. జనం వచ్చి నన్ను తిట్టారు. మెరక దాకా వెళ్ళి తిట్టాలంటే పడవ కావాలి, నేనైతే చేతికి అందుబాటులో ఉన్నాను.

లస్కరు ధర్మారావు బాబాయ్ మాత్రం తిట్టేవాళ్ళలో కలవలేదు. గట్టు మీద కూచుని తలుపు గొలుసుకి గ్రీజు రాసుకుంటున్నాడు. తలుపు, గొలుసు, గట్టు, కాలవ ఆయన పని. రౌటరు, మీటర్లు, లింకు నా పని. లస్కరు పనిలో ఆయనకి ముప్పయ్యేళ్ళు, ఆపరేటరుగా నాకు రెండేళ్ళు. జీతం నాకే ఎక్కువ.

నమోదు 2

మడుగులో ఉప్పు ఈ రోజు ఆరు. పరిమితి పన్నెండు. తొమ్మిది వందల మందిమి తాగేది ఆ మడుగు నీళ్ళే. దిబ్బ చుట్టూ ఎటు చూసినా సముద్రమే కాబట్టి వేరే గతి లేదు. మడుగులో ముంచిన మీటరు గంటకొకసారి కొలిచి, అదే కేబుల్లో ఆ అంకెని బోర్డుకి పంపుతుంది.

పన్నెండు దాటితే బోర్డు స్క్రీను మీద దిబ్బ పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. మూడు చుక్కలు పడితే దిబ్బని జాబితాలోంచి కొట్టేస్తారు. జనాన్ని పడవలెక్కించి మెరక మీద రేకుల షెడ్లలోకి తోలేస్తారు. మాకు రెండు చుక్కలు పడ్డాయి. రెండూ కేబుల్ తెగి, ఎత్తిన తలుపు ఎత్తినట్టే ఉండిపోయి, పోటు నీళ్ళు కాలవలోంచి మడుగులోకి వచ్చిన రోజుల్లోనే పడ్డాయి.

మొదట పదమూడు దిబ్బలుండేవి. నాలుగో దిబ్బ పోయి పదేళ్ళు. ధర్మారావు బాబాయ్ పుట్టింది అక్కడే. రేకుల షెడ్డులో రెండు వేసవులు గడిపారు. రెండో వేసవిలో ఆయన భార్య పోయింది. ఆ తర్వాతే ఆయన్ని ఈ లాకుకి మార్చారు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

నమోదు 4

పేరుకి సుభాషిణిని. మా అమ్మ ఆ పేరు పెట్టేటప్పటికి నేనింకా నోరు తెరవలేదు.

అయినా బోర్డుకి రాసిన ఉత్తరాల్లో ఒక్క పరుష పదం లేదు. రౌటరుకి రెండో పోర్టు ఖాళీగా ఉంది, అందులో ఒక సెల్ మోడెం తగిలిస్తే కేబుల్ తెగిన రోజున టవరు మీదుగా ఆర్డర్లు వస్తాయి, నాలుగు గంటల పని అని రాశాను. ‘తమ లేఖ అందినది. రెండో లింకు ఆవశ్యకతను గణాంకాలతో నిరూపించవలెను’ అని జవాబు. ఆరుసార్లు తెగిన తేదీలూ, గంటలూ పట్టిక వేసి పంపాను. ఈ రోజు దానికి జవాబొచ్చింది.

‘కేబుల్ తెగినట్టు ఆయా తేదీలలో మీ దిబ్బ నుంచి మాకు ఎటువంటి సమాచారమూ అందలేదు. కావున తెగినట్టు పరిగణించలేము.’

నాలుగుసార్లు చదివాను. కాగితం ఉండ చుట్టి గోడకేసి కొట్టాను. తర్వాత తీసి మడతలు సరిచేసి ఫైల్లో పెట్టాను. ఉద్యోగం చేస్తున్నాను కదా.

నమోదు 9

మోడెం వచ్చింది. నా ఉత్తరాల వల్ల కాదు. తొమ్మిదో దిబ్బలో తలుపు దించి ఉండగా కేబుల్ తెగి, వాన నీళ్ళు బయటికి పోక ఇళ్ళలోకి వచ్చాయి. ఆ వీడియో మెరక మీద అందరూ చూశారు. వారం తిరక్కుండా పన్నెండు దిబ్బలకీ పన్నెండు మోడెంలు మంజూరయ్యాయి. పథకం తయారుచేసింది డివిజనల్ ఇంజనీరు రఘూత్తమరావుగారట. అందులో సగం వాక్యాలు నావే. అక్షరదోషాలతో సహా ఎత్తి రాశారు.

ఏమైతేనేం, చేతికొచ్చింది. ఉదయమంతా దాంతోనే కూచున్నాను. ఈ పనంటే నాకు ఇష్టం, ఒప్పుకుంటాను. మా రౌటరులో ఫైర్‌వాల్ ఉంది. అది గది కాపలాదారు, బోర్డు మాట తప్ప వేరెవరి మాటా తలుపు మోటారు దాకా వెళ్ళనివ్వదు. మోడెంని రెండో పోర్టుకి తగిలించి, ఈ దారిలో వచ్చినా బోర్డు మాటే సుమా అని దానికి నేర్పాను. మొదటి దారి కేబుల్, రెండో దారి మోడెం. పది సెకన్లకొకసారి రౌటరు కంట్రోల్ రూమ్‌ని ‘ఉన్నావా’ అని పలకరిస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే దానంతటదే రెండో దారికి మారుతుంది.

యాంటెన్నా కర్రని గది కప్పు మీద నిలబెట్టింది బాబాయే. దిబ్బ నడిబొడ్డునే టవరు ఉంది. అటు తిప్పగానే మోడెం మీద ఐదు గీతలూ నిండుగా వెలిగాయి. అన్నం తినడం మర్చిపోయి వాటిని చూస్తూ కూచున్నాను.

నమోదు 10

ఈ రోజు ప్రారంభోత్సవం. చిన్న పెట్టెకి ప్రారంభోత్సవమేమిటని అడక్కండి. రఘూత్తమరావుగారు లాంచీలో వచ్చారు. వెంట నలుగురు, ఒక ఫొటోగ్రాఫరు, తాగడానికి మెరక నీళ్ళ సీసాలు.

బోర్డులో ఒక ఆచారం ఉంది. అధికారి తనిఖీకి వస్తే లస్కర్లు మిషను గదిలోకి రాకూడదు. కాళ్ళకి బురద ఉంటుందని. నేనూ ఉదయమే గది తుడిపించి, ‘బాబాయ్, నువ్వు బయట ఉండు’ అన్నాను. కొబ్బరికాయ పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు.

రఘూత్తమరావుగారు రౌటరులోంచి పసుపు రంగు కేబుల్ ప్లగ్గుని రెండు వేళ్ళతో పీకారు. అరనిమిషం గడిచింది. మోడెం దీపం పచ్చగా మారింది. కంట్రోల్ రూమ్ నుంచి ఆర్డరొచ్చింది. తలుపు అడుగు లేచి దిగింది. చప్పట్లు. పీకిన ప్లగ్గు మళ్ళీ చేతిలో పట్టుకోమని ఫొటోగ్రాఫరు మూడుసార్లు నిలబెట్టాడు. పన్నెండు దిబ్బలకీ ఇదే నమూనా, రెండో లింకు పరీక్షించి సంతృప్తి చెందితిమి అని అక్కడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. సాక్షి సంతకం నాది. గర్వంగానే పెట్టాను.

లాంచీ వెళ్ళాక బాబాయ్ గడప దగ్గరికొచ్చి, “అమ్మాయిగారూ, ఒక్క మాటండి,” అన్నాడు.

“తర్వాత బాబాయ్, రిపోర్టు పంపాలి,” అన్నాను.

నమోదు 14

ప్రతి సోమవారం నేనే ప్లగ్గు పీకి చూస్తున్నాను. నాలుగు సోమవారాలూ సరిగ్గా ముప్పయ్యో సెకనుకి మోడెం అందుకుంది. జనం తిట్టడం మానేశారు. గంగమ్మ అనే ఆవిడ ఒక గిన్నె నిండా చేపల పులుసు తెచ్చిచ్చి, “రెండో లింకు నువ్వే తెప్పించావంట గదమ్మా,” అంది. అవునని చెప్పాను. అబద్ధం కాదు కదా.

నమోదు 15

ఇది ఈ రోజే జరిగింది. రాత్రి చాలా పొద్దుపోయింది. అయినా రాయాలి.

సముద్రంలో వాయుగుండం ఉంది. మధ్యాహ్నం రెండూ నలభైకి పోటు, మామూలు కంటే మూడడుగులు ఎక్కువ వస్తుందని ముందే చెప్పారు. రాత్రంతా కురిసిన వాన చేలల్లో నిలిచింది. ఉదయం ఆటులో తలుపు పూర్తిగా ఎత్తి నీళ్ళు వదులుతున్నాం. పదకొండుకి దించాలి.

పదీ నలభైకి కేబుల్ దీపం ఎర్రబడింది. పొక్లెయిన్ ఆ వానలోనూ పనిచేస్తోంది. ముప్పై సెకన్లకి మోడెం దీపం పచ్చబడింది. నేను నవ్వాను కూడా. తెంపుకోండిరా, మాకేం, అన్నాను పైకే.

పదకొండు దాటింది. దించమనే ఆర్డరు రాలేదు. అడిగాను. నా ప్రశ్నే పోవడం లేదు, ఫోనూ కలవడం లేదు, గాలివాన వల్లనుకున్నాను. మోడెం మీద ఐదు గీతలు నిండుగా ఉన్నాయి. ఆపి మళ్ళీ వేశాను. ఐదు గీతలు. సిమ్ తీసి తుడిచి పెట్టాను. ఐదు గీతలు. ఫైర్‌వాల్‌లో రాసిన ప్రతి నియమం మళ్ళీ చదివాను, తప్పు లేదు. వానలో కప్పెక్కి యాంటెన్నా సరిచేశాను. దిగొచ్చి చూస్తే ఆ ఐదు గీతలూ నన్ను వెక్కిరిస్తున్నట్టు వెలుగుతూనే ఉన్నాయి. పదకొండున్నరకి సముద్రమూ కాలవా సమానమయ్యాయి. పన్నెండింటికి ఉప్పునీళ్ళు లోపలికి తిరిగాయి. నేనింకా ఆ పెట్టె ముందే కూచుని ఉన్నాను.

బాబాయ్ వచ్చి గడప అవతల నిలబడ్డాడు. ఒళ్ళంతా తడిసి ఉంది.

“అమ్మాయిగారూ, దాన్నెంత తిప్పినా రాదండి.”

“నీకేం తెలుసు బాబాయ్?” అని అరిచాను. అవును, అరిచాను.

“ఆ టవరుకొచ్చేదీ మన తీగేనండి. గట్టు దిగువ గోతిలో రెండు పాయలు సేసేరు. ఒకటి మన గదికి, ఒకటి టవరు కింద తెల్ల పెట్టెకి. ఆ గొయ్యి తవ్విందే నేను. అసలు తీగ తెగితే టవరు గాల్లో కేకలేత్తాది గానీ, దాని మాట మెరక్కి పోదండి.”

ప్లగ్గు పీకితే ఒక్క మా గది పాయే ఆగుతుంది. టవరు పాయ అలాగే ఉంటుంది, మోడెం అందుకుంటుంది, చప్పట్లు కొడతాం. అసలు తీగ తెగితే రెండూ ఒకేసారి పోతాయి. నేను నాలుగు వారాలుగా నా చేత్తో ప్లగ్గు పీకి, తెగని తీగకి పరీక్ష పెట్టాను.

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“సెబుదారనుకున్నానండి ఆ రోజు,” అన్నాడు.  నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇక ఒకటే దారి. మోటారు బ్రేకు బోల్టులు విప్పితే తలుపు దాని బరువుకదే దిగుతుంది. బ్రేకు మీద బోర్డు సీసం సీలు ఉంది. అది తెంచితే ఉద్యోగం పోతుంది, ఆపైన కేసు. బాబాయ్ రెంచీ తీసుకుని బయల్దేరాడు. నేను వెనకే వెళ్ళి ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ముప్పయ్యేళ్ళు పనిచేసినవాడి చేత ఆ సీలు తెంపించి, నేను గడప లోపల నిలబడనా? రెంచీతో సీలు పగలగొట్టాను. బోల్టులు ఎటు తిప్పాలో ఆయన చెప్పాడు.

తలుపు ధన్‌మని దిగింది. పూర్తిగా దిగలేదు. అడుగున దుంగ ఏదో అడ్డుపడి జానెడు సందు మిగిలింది. ఆ జానెడులోంచి సముద్రం దూసుకొస్తోంది. బాబాయ్ గంట కొట్టాడు. జనం వచ్చారు. ఇసక బస్తాలు, ఊక బస్తాలు, తుంగ చాపలు, ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది. గంగమ్మ పరుపు మోసుకొచ్చింది. బాబాయ్ నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగి, కాలితో తడిమి ఒక్కొక్క బస్తానీ సందులోకి తొక్కాడు. నేను మడుగు దగ్గర చేతి మీటరు పట్టుకుని నిలబడ్డాను. పన్నెండున్నరకి తొమ్మిది. ఒంటిగంటకి పది. రెండింటికి పదకొండు. పోటు నిలిచిన వేళ పదకొండు పాయింటు నాలుగు.

అక్కడే ఆగింది. ఒక గంట చూశాను, కదల్లేదు. మడుగు నిలబడింది. గట్టు మీద కూలబడి ఏడ్చాను. కోపంతోనో సంతోషంతోనో నాకే తెలియలేదు.

నమోదు 16

కేబుల్ ఈ ఉదయం అతికించారు. స్క్రీను తెరుచుకోగానే మొదట కనిపించింది మా దిబ్బ పేరు పక్కన మూడో చుక్క.

కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను. మడుగు పదకొండు పాయింటు నాలుగు దాటలేదు, నా చేత్తో కొలిచాను అన్నాను. అవతల ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. “మాకు ఇరవై గంటలు మీ కొలతలు అందలేదండి. పన్నెండు గంటలు దాటినా అందని కొలతని సిస్టం తొంభై తొమ్మిదిగా తీసుకుంటుందండి.”

“తొంభై తొమ్మిదంటే సముద్రం కంటే ఎక్కువ ఉప్పమ్మా!”

“అవునండి. గరిష్ఠం అండి.”

సాయంత్రానికి నోటీసు. ముప్పై రోజుల్లో దిబ్బ ఖాళీ చేయవలెను.  బాబాయ్ నోటీసు చదవమని నా దగ్గరికి తెచ్చాడు. చదివాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వెళ్ళి తలుపు కింద దుంగ తీసే పనిలో పడ్డాడు. ఖాళీ చేయబోయే దిబ్బకి తలుపెందుకు బాబాయ్ అని అడగడానికి నాకు నోరు రాలేదు.

నమోదు 17

రఘూత్తమరావుగారు వచ్చారు. ఈసారి ఫొటోగ్రాఫరు లేడు. బాబాయ్‌ని నేను గదిలోకి పిలిచి కుర్చీ వేశాను. ఇంజనీరుగారు ఆయన కాళ్ళ వంక చూశారు.

“చూడమ్మా, చుక్క తీసేసే మార్గం ఒకటుంది,” అన్నారు. “ఆపరేటరు పొరపాటు వల్ల కొలతలు అందకపోతే, ఆ రోజు లెక్కలోకి రాదు. రూల్లో ఉంది. రెండో లింకు పనిచేస్తూనే ఉంది, మీరు దానికి మార్చడం మర్చిపోయారు. అంతే రాయండి. సీలు కేసు కూడా ఉండదు. ఉద్యోగం మాత్రం ఉండదు.”

“మార్చేది నేను కాదండి. రౌటరు దానంతటదే మారుతుంది.”

“అది మీకూ నాకూ తెలుసు.”

“మారింది కూడా. మారినా పనిచేయలేదు. టవరుకీ మా గదికీ ఒకటే తీగ. ఇదుగో, ఈయన తవ్విన గొయ్యి.”

“రెండో లింకు పనిచేయలేదంటే నా సర్టిఫికెట్ తప్పవుతుంది. మీ సాక్షి సంతకమూ తప్పవుతుంది. విచారణ వేస్తారు. ఏడాది పడుతుంది. మీకున్నది ముప్పై రోజులు.”

“మిగతా పదకొండు దిబ్బల్లోనూ ఇదే మోడెం కదండీ. అక్కడా రెండూ ఒకటే తీగ మీద ఉండి ఉంటాయి. ఈ వాయుగుండం వెనకాల ఇంకోటి వస్తోందంటున్నారు.”

“అది వేరే ఫైలు,” అన్నారు ఆయన.

మనిషిని కొట్టాలని నిజంగా అనిపించడం నాకు అదే మొదటిసారి. టేబులు అంచు పట్టుకుని కూచున్నాను. బాబాయ్ కుర్చీలోంచి లేచాడు.

“బాబూ, నా ఏలిముద్ర తీసుకోండి. నేనే ఏదో తీగ లాగేశానని రాసేసుకోండి. నాకింకెన్నాళ్ళుందండి ఉజ్జోగం? అమ్మాయిగారు సదువుకున్న మనిషి.”

రఘూత్తమరావుగారి ముఖం వెలిగింది. ఎంత తేలిగ్గా వెలిగిందో! లస్కరు తప్పు చేశాడంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. ఆయన చెయ్యి అప్పుడే ఇంకు డబ్బా వైపు వెళ్ళింది. నేను కాగితం లాక్కుని, ‘రెండో లింకు సక్రమంగా ఉన్నప్పటికీ మార్చడం మర్చిపోయాను’ అని రాసి సంతకం పెట్టాను. కలం కాగితాన్ని చించేసింది. ఇంకో కాగితం ఇచ్చారు. మళ్ళీ రాశాను.

ఆయన ఫోన్ చేశారు. పదకొండు నిమిషాల్లో స్క్రీను మీద మూడో చుక్క మాయమైంది. ఏడాది పడుతుందన్న పని అది.

“గది తాళాలు రెండు రోజుల్లో అప్పగించండి,” అని చెప్పి లాంచీ ఎక్కారు.

నమోదు 18

రెండు రోజులుంది కదా. బాబాయ్ నిచ్చెన వేశాడు. పొడవాటి కర్రకి కొత్త యాంటెన్నా బిగించి, దిబ్బ నడిబొడ్డు టవరు వైపు కాకుండా, ఆరు మైళ్ళ అవతల మెరక అంచున ఉన్న టవరు వైపు తిప్పాం. సాయంత్రం దాకా అంగుళం అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాం. చివరికి రెండు గీతలు వచ్చాయి. రెండే. ఆ టవరుకి వేరే తీగ ఉంది, సముద్రం వైపుకి రాదు.

ఈసారి గదిలో ప్లగ్గు పీకలేదు. తలుపు దించి ఉండగా, గట్టు దిగువ గోతి మూత తీయించి అసలు తీగ జాయింటు విప్పించాను. రెండు గీతల మీద ఆర్డరు నింపాదిగా నడిచి వచ్చింది. మోటారు కదిలింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయ్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

నా తర్వాత వచ్చే ఆపరేటరు కోసం గోడ మీద రంగుతో రాశాను: ‘యాంటెన్నా తిప్పవద్దు. సందేహముంటే ధర్మారావుగారిని అడగవలెను.’

నమోదు 19

తాళాలు ఇచ్చేశాను. బాబాయ్ సెలవు పెట్టాడు. గంగమ్మ వాళ్ళ పడవలో ఎనిమిదో దిబ్బకి వచ్చాం. రెండో వాయుగుండానికి ఇంకా ఐదు రోజులుందట.

ఇక్కడి ఆపరేటరు పేరు లోవరాజు. ఇస్త్రీ చొక్కా, తుడిచిన గది, గోడ మీద ఫ్రేము కట్టిన ఫొటో. ఫొటోలో రఘూత్తమరావుగారు పసుపు రంగు ప్లగ్గు పట్టుకుని నవ్వుతున్నారు. నేను సంగతి చెప్పడం మొదలుపెట్టగానే అతను చెయ్యెత్తాడు.

“ఆగండాగండి. లింకు మార్చడం మర్చిపోయింది మీరేగదండీ? మాకందరికీ సర్క్యులర్ వచ్చిందండి, మీ సంతకంతో.”

గోడ దగ్గర టేబులు మీదే ఉంది. నా రాత. నా సంతకం. పదకొండు దిబ్బలకీ పంపారు. ఆ కాగితంతో నా దిబ్బని కాపాడుకున్నాననుకున్నాను. ఇక మీదట నేను ఎక్కడికెళ్ళి ఏం చెప్పినా ఎవరూ నమ్మకుండా చేసింది కూడా ఆ కాగితమే. రఘూత్తమరావుగారు అంత తెలివైనవారని నేననుకోలేదు.

“మాది బ్రహ్మాండంగా పనిచేస్తందండి,” అన్నాడు లోవరాజు. “ప్రతి సోమవారం నేనే ప్లగ్గు పీకి చూత్తన్నాను. ఐదు గీతలండి.”

కోపమొచ్చింది, కానీ అది అతని మీద కాదు. ఐదు వారాల కిందటి నేనే ఆ కుర్చీలో కూచుని మాట్లాడుతున్నాను. అప్పటి నన్ను ఏ మాటతో ఒప్పించగలను? ఈ మాటలు అప్పట్లో ఎవరైనా చెబితే నేనే నమ్మేదాన్ని కాదు.

 బయటికొచ్చాను. గడప పక్కన వానలో గోనెపట్టా కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఈ లాకు లస్కరు ఆదెమ్మ. బాబాయ్ అప్పటికే ఆవిడతో మాట్లాడుతున్నాడు.

“టవరు తీగ ఎటునుంచి వస్తుందండీ?” అని అడిగాను.

“ఆ గోతిలోంచేనండి. రెండూ అందులోనే పాయలవుతాయి,” అంది ఆదెమ్మ, చెయ్యి చూపించి. ఇంత చిన్న సంగతి అడగడానికి ఇంత దూరం వచ్చారా అన్నట్టు చూసింది.

తలుపు దించి ఉంది. ఆటు మొదలవడానికి రెండు గంటలుంది. మడుగులో ఉప్పు ఐదు. అన్నీ సరిచూసుకున్నాను. బాబాయ్ గోతి మూత ఎత్తాడు. సంచీలోంచి కటింగ్ ప్లయరు తీసి, బోర్డు వారి అసలు తీగని కసిగా రెండు ముక్కలు చేశాను. అతికించే సామాను సంచీలోనే ఉంది, అరగంట పని. అయినా ఇది నేరమే, జైలు కూడా ఉంటుందేమో. 

లోపలికి వెళ్ళి లోవరాజు వెనక నిలబడ్డాను. కేబుల్ దీపం ఎర్రబడింది. ముప్పై సెకన్లకి మోడెం దీపం పచ్చబడింది. అతను నా వైపు తిరిగి నవ్వాడు.

“చూశారాండి?”

“ఇప్పుడు కంట్రోల్ రూమ్‌ని ఏదో ఒకటి అడుగు,” అన్నాను.

అడిగాడు. మళ్ళీ అడిగాడు. మోడెం ఆపి మళ్ళీ వేశాడు. సిమ్ తీసి చొక్కా అంచుకి తుడిచి పెట్టాడు. ఫైర్‌వాల్ నియమాలన్నీ పైనుంచి కిందకి చదివాడు.  అతని మెడ వెనక చెమట పట్టడం కనిపిస్తోంది.

“ఐదు గీతలున్నాయి గదండీ,” అన్నాడు.

“ఉన్నాయి.”

ఆ గీతల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. తర్వాత లేచి గడప దాకా వెళ్ళాడు.

“ఆదెమ్మగారూ, లోపలికి రండి. ఆ తీగ ఎక్కణ్ణించి ఎక్కడికి పోతందో కాయితం మీద గీసి చూపించండి.”

ఆవిడ తన కాళ్ళ వంక చూసుకుంది.

“బురదండి,” అంది.

“పర్లేదు, రండి,” అన్నాడు లోవరాజు, గడప దగ్గరున్న తన చెప్పులు పక్కకి జరిపి.